ముద్దకు నలభైసార్లు

పొయ్యి మీద ఉడికిందేదీ ఆవిడ నోట పెట్టి మూడేళ్లయింది. పచ్చి తిండితోనే తన తలనొప్పి వదిలిందని నమ్మకం. ఐదు నెలల చంటివాడికి పాలిస్తూ కీరా ముక్కలు, నానిన గింజలు ముద్దకు నలభైసార్లు లెక్కపెట్టి మరీ నములుతుంది. "పిల్లాడు చిక్కిపోతున్నాడే," అని అత్తగారంటే, లెక్క తప్పుతుందని నోరు విప్పకుండా చెయ్యి ఊపుతుంది.

పోయిన వారం ఆసుపత్రిలో వాడి బరువు పెరగలేదన్నారు. అందుకే ఈసారి తూకానికి ముందు వరండాలో కూర్చుని కడుపు నిండా పాలు పట్టింది. "వంద గ్రాములు పెరిగాడు! అమ్మ పాలంటే ఇలా ఉండాలి," అని నర్సమ్మ మెచ్చుకుంది. గుమ్మందాకా వెళ్లినావిడ వెనక్కి వచ్చింది.

"ఆ వంద గ్రాములూ ఇప్పుడు పట్టిన పాలేనండీ," అంది తల వంచుకుని.

నర్సమ్మ తిట్టలేదు. "పొద్దున్నుంచి నువ్వేం తిన్నావు తల్లీ?"

"కీరా."

నర్సమ్మ తన డబ్బా తెరిచి, ఉడికించిన బంగాళాదుంప ఒకటి ఆవిడ చేతిలో పెట్టింది. ఆవిడ ఎన్నిసార్లు నమిలిందో లెక్కపెట్టలేదు. చెయ్యి రెండో దుంప కోసం డబ్బా వైపు వెళ్లింది. కళ్లు మాత్రం పిల్లాడి పుల్లలాంటి మణికట్టు మీదే ఉండిపోయాయి.