రైల్వే హోటల్ లిఫ్టాయన

స్టేషనుకు ఎదురుగా ఉన్న పాత హోటళ్ల వరుసలో, రంగుటద్దాల కిటికీలున్న పెద్ద హోటల్లో అతను లిఫ్టు నడిపేవాడు. అందరూ లిఫ్టాయన అనేవారు. పొద్దున్నే ఇత్తడి పిడి తళతళలాడేలా తుడిచి, మడతల ఇనుప తలుపును చప్పుడు కాకుండా లాగేవాడు. ఎవరితోనూ పెద్దగా మాట్లాడేవాడు కాదు. అతని తండ్రి అదే హోటల్లో సామాన్లు మోసేవాడు. ఒళ్లు కాలిపోయే జ్వరంతో ఉన్న రోజు, "లిఫ్టు అతిథులకే" అంటూ యజమాని ఆ తండ్రి చేత ట్రంకుపెట్టెను మెట్ల మీదుగా మోయించాడు. పై మలుపులో కూలబడిన తండ్రి మళ్లీ లేవలేదు. ఆ కసి కొడుకు కడుపులో రగులుతూనే ఉంది.

చాలా ఏళ్లకు, మోకాళ్లు పట్టేసిన ముసలి యజమాని ఓ మధ్యాహ్నం హోటల్ చూసుకోవడానికి వచ్చాడు. "లిఫ్టు చెడిపోయిందండీ, మెట్లెక్కాలి," అన్నాడు లిఫ్టాయన. నగిషీలు చెక్కిన కొయ్య రెయిలింగు పట్టుకుని ముసలాయన ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే, చెయ్యి అందించకుండా వెనకే నడిచాడు. ఆ ఆయాసం వింటుంటే అతనికి ప్రాణం లేచొచ్చినట్టుంది. పై మలుపులో యజమాని చతికిలబడి, అతని ముఖంలోకి తేరిపార చూశాడు.

"అచ్చం మీ నాన్న పోలికే. ఇక్కడ పడిపోయినవాడి కొడుకువి కదూ?"

"అవునండి."

"లిఫ్టు నిజంగానే చెడిపోయిందా?"

"లేదండి, బాగానే ఉంది. లేవండి, ఇంకా పై అంతస్తుంది."