మారుతాళాల మామయ్య హజ్ దరఖాస్తు

మా మామయ్యకు తన జేబులో ఉన్న డబ్బు తనదేనని ఏనాడూ నమ్మకం కుదరలేదు. లోకంలో చాలామందికి ఎదుటివాడి జేబులోది కూడా తమదే అనిపిస్తుంది. మామయ్యది దానికి తిరగేసిన జబ్బు. ఎవరైనా కూలి చేతిలో పెడితే చాలు, నోటును అటూ ఇటూ తిప్పి, నా వైపు చూసి, "ఇది నాదేనంటావా?" అనేవాడు.

నా వైపే ఎందుకంటే, ఆయన తాళాల కొట్టును ఆనుకునే నా జిరాక్సు కొట్టు. మధ్యలో ఉన్నది పలచటి చెక్క. ఆయన ఆకురాయి గరగర నాకూ, నా మిషను మూలుగు ఆయనకూ వినిపించేవి. ముప్ఫై ఏళ్ళుగా ఆయన పని మారుతాళాలు చేయడం, బిగుసుకుపోయిన తాళంకప్పలు తీయడం. కోరిక ఒక్కటే, అత్తయ్యతో కలిసి హజ్‌కు వెళ్ళి రావడం. ఆ యాత్రకు పెట్టే ప్రతి పైసా ధర్మంగా సంపాదించినదై ఉండాలి, హలాల్ అయి ఉండాలి. చిక్కంతా ఇక్కడే వచ్చింది. ప్రతి ఏడూ దరఖాస్తు నేనే నింపేదాన్ని. ప్రతి ఏడూ గడువు దగ్గర పడగానే, "ఆగు అమ్మాయ్, ఒక సందేహం వచ్చింది," అని ఆయన దాన్ని లాక్కుపోయేవాడు.

ఒకసారి ఒక లారీ డ్రైవరు తుప్పు పట్టిన తాళంకప్ప తెచ్చాడు. మామయ్య రెండు చుక్కలు నూనె వేశాడు. ఇంకా చెయ్యి పెట్టకముందే అది టక్కున తెరుచుకుంది. డ్రైవరు డబ్బివ్వబోయాడు.

"తీసింది నేను కాదు బాబూ, నూనె."

"నూనె మీదే కదండీ?"

"కాదు. పక్కన సైకిలు మెకానిక్‌ది."

"అయితే ఆయనకే ఇచ్చేయండి."

మెకానిక్, "నేను తాళం ముట్టుకోనైనా లేదే, నాకెందుకు?" అన్నాడు. ఆ నోటు సాయంత్రం దాకా ముగ్గురి మధ్యా తిరిగింది. చివరికి ఎవరి దగ్గర తేలిందో నాకిప్పటికీ తెలియదు. వాళ్ళకూ తెలియదు.

మారుతాళం చేయించుకునేవాడు దొంగైతే ఆ కూలి హరామ్ కదా అని ఇంకో బెంగ. అందుకని చేసిన తాళంచెవి తన జేబులోనే వేసుకుని, మనిషి వెంట ఇంటిదాకా వెళ్ళి, గుమ్మం అతనిదేనని రూఢి చేసుకున్నాకే ఇచ్చేవాడు. అలా ఒక కొత్త అల్లుడి వెంట వెళ్ళాడు. తలుపు తీసింది అత్తగారు.

"ఎవరీయన?"

"తాళంచెవి చేసినాయన అత్తయ్యా."

"ఇంటిదాకా ఎందుకొచ్చారు?"

"ఈ ఇల్లు ఈయనదేనా అని అడగడానికమ్మా," అన్నాడు మామయ్య వినయంగా.

"ఈయనదా? ఎవరన్నారు? ఇల్లు నాది!"

మామయ్య తాళంచెవిని అత్తగారి చేతిలో పెట్టి వచ్చేశాడు. తర్వాత చాన్నాళ్ళు ఆ అల్లుడు బెల్లు కొట్టి గుమ్మంలో నిలబడాల్సి వచ్చిందట.

ఈ సందేహాలు నేను తీర్చలేక ఆయన్ని ఇమాం గారి దగ్గరికి తోలేదాన్ని. ఇమాం గారు ఓర్పుగల మనిషే. అయినా నమాజు ముగిశాక మామయ్య తనవైపు నడిచి వస్తున్నాడంటే గోడకు చేరగిలబడిపోయేవారు.

"నువ్వు కష్టపడ్డావు, వాళ్ళు ఇష్టంగా ఇచ్చారు. హలాలే."

"కష్టమెక్కడండీ? అరనిమిషంలో అయిపోయింది."

"పని నేర్చుకోవడానికి ఎన్నేళ్ళు పట్టింది?"

"నాలుగేళ్ళు."

"మరి అదే కష్టం!"

"అయితే నేర్పినాయనకి అందులో వాటా ఉంటుందంటారా?"

ఇమాం గారు తల పట్టుకుని, "ఎవరి డబ్బనిపిస్తే వాళ్ళకి ఇచ్చెయ్యి నాయనా!" అన్నారు. అని నాలుక కరుచుకున్నారు. అప్పటికే మామయ్య చెప్పుల్లో కాళ్ళు పెట్టేశాడు.

ఆ రోజు నుంచి సాయంత్రం కాగానే కొట్టు కట్టేసి ఎటో వెళ్ళేవాడు. ఎక్కడికంటే, "ఒకాయన దగ్గర ఎక్కువ తీసుకున్నట్టున్నా, ఇచ్చొస్తా," అనేవాడు.

ఐదోసారి దరఖాస్తు నింపుతుండగా అత్తయ్యే నా కొట్టుకు వచ్చి కూర్చుంది.

"అమ్మాయ్, నా మోకాళ్ళు ఈ ఏడు నడుస్తాయి. వచ్చే ఏటి సంగతి చెప్పలేను. ఈసారి ఆయన ఏం చెప్పినా కాగితం ఇవ్వకు."

గడువు రెండు రోజులుందనగా మామయ్య వచ్చాడు. "ఆగు అమ్మాయ్. చివరి వీధిలో ఇస్త్రీ చేసే ఆవిడ దగ్గర ఎక్కువ తీసుకున్నా. ఇచ్చేశాను. ఇంక యాత్రకి చాలదు."

నాకు ఒళ్ళు మండింది. సంగతేమిటో తేల్చుకుందామని ఆవిడ దగ్గరికే వెళ్ళాను. భర్త పోయి మూడు నెలలైందట. మెట్ల కింద గది. బట్టల గుట్టల మధ్య తళతళలాడే కొత్త ఇస్త్రీపెట్టె.

"మా మామయ్య మీ దగ్గర ఏ తాళానికమ్మా ఎక్కువ తీసుకున్నాడు?"

ఆవిడ తెల్లబోయింది. "అదే నాకూ అర్థం కావట్లేదమ్మా. 'ఇది మీ డబ్బే, నా దగ్గర ఉండిపోయింది' అని పెట్టి వెళ్ళారు. మా ఆయన ఎప్పుడైనా తాళం చేయించారేమో అనుకున్నా. కానీ..." అంటూ వెనక్కి చూపించింది. "మాకు తలుపే లేదు కదమ్మా. పరదాయే."

నేనూ తెల్లబోయాను. అక్కడి నుంచి నడుము పట్టేసి మంచాన పడ్డ ఒక హమాలీ దగ్గరికి వెళ్ళాను. ఇనప్పెట్టె తాళానికి అతని దగ్గర ఎక్కువ తీసుకున్నానని మామయ్య అంతకుముందెప్పుడో చెప్పాడు.

"నాకు ఇనప్పెట్టె ఉందని మీ మామయ్య చెప్తేనే తెలిసిందమ్మా," అన్నాడు హమాలీ.

తిన్నగా కొట్టుకొచ్చాను. "తలుపే లేని ఇంటికి తాళం ఎలా చేశావు మామయ్యా?"

ఆకురాయి ఆగిపోయింది. తాళంచెవి నూరిన పొడిని వేలితో పక్కకు తోశాడు.

"ఊరికే ఇస్తే వాళ్ళు తీసుకోరమ్మా. తీసుకున్నా తల దించుకుంటారు. తమదే తమకి తిరిగొచ్చిందంటే దర్జాగా తీసుకుంటారు."

"అయితే ఇన్నాళ్ళూ నీ సందేహాలన్నీ నాటకమా?"

"కొన్ని నిజమైనవే. ఏవి ఏవో నాకూ కలిసిపోయాయి," అన్నాడు దిగులుగా. అంతలోనే ఉలిక్కిపడ్డాడు. "అవునూ, అబద్ధం చెప్పానుగా! ఇమాం గారిని అడగనా?"

"ఆయన్ని వదిలెయ్ మామయ్యా!"

అత్తయ్యకు చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను. కుట్టుమిషను ఆపి, "తలుపే లేదా?" అని నవ్వడం మొదలుపెట్టి, కళ్ళు తుడుచుకునేదాకా నవ్వింది. తర్వాత బట్టల అడుగు నుంచి ఒక మూట తీసి మామయ్య ముందు పెట్టింది.

"ఇది నా కుట్టుపని డబ్బు. మీ చేతికి చిక్కితే ఇదీ ఎవరిదో అయిపోతుందని దాచాను. మీ దగ్గర మిగిలింది కలిపితే ఇద్దరికీ సరిపోతుంది."

"నీ కష్టంతో నేను వెళ్ళొచ్చంటావా?"

"నా మోకాళ్ళు బాగాలేవు. సామాను మోయడానికి మనిషి కావాలి. కూలికి వస్తారా, రారా?"

కూలి ఆయనకు అర్థమయ్యే మాట. "వస్తా," అన్నాడు. మరుక్షణమే నేను దరఖాస్తు పట్టుకుని పరుగెత్తాను.

బయల్దేరే రోజు వీధి వీధంతా గుమ్మంలోనే ఉంది. ఇస్త్రీ ఆవిడ ఇద్దరి బట్టలూ మడత నలగకుండా సర్ది ఇచ్చింది. హమాలీ కర్ర ఊతతో వచ్చి, పెట్టె ఎలా ఎత్తాలో మామయ్యకు చూపించాడు. మామయ్య ఎత్తాడు. దించాడు. మళ్ళీ ఎత్తి అయోమయంగా నిలబడ్డాడు.

"ఏమైంది?" అంది అత్తయ్య.

"పెట్టె మరీ తేలిగ్గా ఉంది. దీనికి అంత కూలి ఎక్కువేమో."

అత్తయ్య తన చేతిసంచి, నీళ్ళ సీసా, గొడుగు ఒక్కొక్కటే ఆయన భుజాలకు తగిలించింది.

"ఇప్పుడు?"

"ఇప్పుడు సరిపోయింది," అన్నాడు మామయ్య, నిశ్చింతగా మెట్లు దిగుతూ.