మెట్లవైపు చెప్పులు

జావా నేర్చుకుంటూ మైత్రీవనం వెనక హాస్టల్లో ఉన్న రోజుల్లో మా చెప్పులు తరచూ మాయమయ్యేవి. అందుకే గది బయట విడిచిన మా చెప్పులన్నీ మెట్లవైపు తిప్పి పెట్టే కొత్త రూమ్మేట్ మీద నాకు అనుమానం. మంచి జత ఏరుకుంటున్నాడనుకున్నాను. ఓ రాత్రి చెప్పులు తిప్పుతుంటే అతని చెయ్యి పట్టుకున్నాను.

"ఏంటిది?"

"పాత హాస్టల్ల మంటలు లేసినప్పుడు, చెప్పులు తిప్పి ఏసుకునేటందుకు ఆగిన నా దోస్తు బయటికి రాలే భాయ్. గప్పటిసంది గిదే ఫికర్. పంజాగుట్ట డాక్టర్ రోజూ ఒక్క జతనన్నా తిప్పకుండ ఉంచుమన్నడు. ఏం కాదని మెల్లగ నాకే సమజైతదంట."

కథలు చెబుతున్నాడనుకున్నాను. మర్నాడు పొద్దున అతనికంటే ముందే లేచి బయటికొచ్చి చూశాను. మా చెప్పులన్నీ మెట్లవైపే తిరిగి ఉన్నాయి.

గదివైపు ఉన్న ఒక్క జత అతనిది.