తోడు కణాలూ తోడికోడలూ

కత్తెరమ్మ చేతికి బట్ట ఇస్తే మరి కొలత ఇవ్వనక్కర్లేదు. మనిషిని ఎగాదిగా ఒక చూపు చూసి చొక్కా కత్తిరించేస్తుంది. మెట్ల కింద ఇరుకు గదిలో ఆమె కుట్టుమిషను, దాని వెనకాలే తోడికోడలి మిషను. భర్తలిద్దరూ పోయాక కూడా ఈ ఇద్దరూ ఒకే పొయ్యి మీద వండుకుంటూ, పూటకోసారి పోట్లాడుకుంటూ, ఒకరు లేకపోతే ఇంకొకరికి తోచకుండా బతుకుతున్నారు.

అలాంటి కత్తెరమ్మకు ఈమధ్య ఒక అనుమానం పట్టుకుంది. తాను కుట్టి మడతపెట్టిన బట్టల కుట్లు తెల్లారేసరికి ఊడి ఉంటున్నాయి, కొన్నిటికి కొత్త కుట్లు పడి ఉంటున్నాయి. మొదట ఎలుకలనుకుంది. కానీ ఎలుక అంత పొందిగ్గా దారం లాగుతుందా? లాగినా, మళ్ళీ కుట్టి పెడుతుందా?

ఈలోగా ఆమె మతిమరుపు ముదిరింది. పక్క వీధికి వెళ్ళి ఇంటిదారి అడుగుతుంటే కూతురు బెదిరిపోయి ఆస్పత్రికి తీసుకెళ్ళింది. పరీక్షలన్నీ చూసి డాక్టరమ్మ అల్జీమర్స్ అంది.

"మెదడులో జ్ఞాపకాలు మోసే కణాలు ఉంటాయి కదా, వాటిని కనిపెట్టుకుని తోడు కణాలుంటాయి. తిండి అందించడం, చెత్త ఊడవడం వాటి పని. ఈ జబ్బులో అవే రేగిపోయి, చెత్తతో పాటు కణాన్నీ కణాన్నీ కలిపే మంచి అతుకుల్ని కూడా తినేస్తాయని పరిశోధనల్లో కనిపిస్తోంది. ఇంకా తేలాల్సింది చాలా ఉందనుకోండి."

కత్తెరమ్మకు ఒక చెవి మందం. రెండో చెవిలో పడింది ఇంతే: తోడికోడలు తిండి పెడుతుంది, అతుకులు తినేస్తుంది.

"చూశావా! డాక్టరమ్మే పట్టేసింది!" అంది కూతురితో.

"తోడు కణాలే అమ్మా! పిన్ని కాదు!"

"నువ్వెప్పుడూ దాని పక్షమేగా."

ఇంటికి రాగానే గుమ్మంలోనుంచే, "నీ మిషను తీసుకుని వెళ్ళిపోవే," అని తోడికోడలి మీద విరుచుకుపడి, అలసిపోయి గోడ వైపు తిరిగి పడుకుంది. పడుకుందే గాని నిద్రపోలేదు. కాసేపటికి బ్లేడుతో దారం తెగుతున్న చప్పుడు. చివాలున లేచింది.

"దొరికావే దొంగా!"

తోడికోడలు ఉలిక్కిపడి ఒళ్ళో చొక్కా ఎత్తి చూపించింది. "కుడిచెయ్యి ఎడమవైపు అతికించావక్కా. మొన్న ఇంకో చొక్కాకి కాలరు తిరగేసి కుట్టావు. చూసినవాళ్ళు నవ్వుతారని నేనే విప్పి కుడుతున్నా."

కత్తెరమ్మ ఆ చొక్కాను తిప్పి తిప్పి చూసింది. తర్వాత పక్కన విప్పి పడేసిన ఇంకో చొక్కా లాగి, ఊడిన చెయ్యిని చంక దగ్గర ఆనించింది. సూదిపోట్ల గుర్తులు ఇటూ అటూ చక్కగా కలిశాయి.

"మరి దీనికేం రోగం?"

తోడికోడలు తానూ ఆనించి చూసింది. మొహం పాలిపోయింది. "ఇది... సరిగ్గానే కుట్టావక్కా. నువ్వు కుట్టిందంటే చాలు, చూడకుండానే విప్పేస్తున్నట్టున్నా. భయమేసి."

"డాక్టరమ్మ చెప్పిన కణాలూ అచ్చం ఇంతేనమ్మా," అంది కూతురు నెమ్మదిగా.

"అందుకేగా తోడికోడలు అన్నాను! మీకే చెవుడు."

తోడికోడలు కళ్ళు తుడుచుకుని మిషను మీద గుడ్డ కప్పింది, దారపు ఉండలు సంచిలో వేసుకోసాగింది.

"ఎక్కడికే?"

"నువ్వే పొమ్మన్నావుగా అక్కా."

"నేనా? ఎప్పుడు? లేనిపోనివి నాకు అంటగట్టకు!"

అది విని కూతురు తల దించుకుంది. తోడికోడలు సంచి కింద పెట్టింది. కత్తెరమ్మ మాత్రం రుసరుసలాడుతూ తన మిషనును కిర్రుమని ఈడ్చి, రెండు మిషన్లూ ఎదురెదురుగా ఉండేలా తిప్పింది.

"ఇకమీదట ఏది విప్పినా నా కళ్ళముందు విప్పు. విప్పేముందు నాకు చూపించు. నిన్ను నమ్మడానికి లేదు."

"చూసుకో తల్లీ, తనివితీరా చూసుకో," అంటూ తోడికోడలు గుడ్డ తీసేసి సూదిలో దారం ఎక్కించింది.