పర్మిట్ సీసా బేరం

1995లో, సంపూర్ణ మద్యనిషేధం అమల్లోకి వచ్చిన కొన్నాళ్లకే, నన్ను ప్రొహిబిషన్ అండ్ ఎక్సైజ్ సబ్-ఇన్‌స్పెక్టరుగా జమ్మలమడుగుకు వేశారు. నిన్నటిదాకా అంగళ్ల వేలంపాటలు జరిపించిన శాఖకే వాటిని మూయించే పని అప్పజెప్పారు. బోర్డు మీద కొత్తగా ‘ప్రొహిబిషన్’ అన్న మాట చేరింది. లోపల మనుషులం మాత్రం పాతవాళ్లమే.

మాది ప్రొద్దుటూరులో బట్టల అంగళ్ల వీధి. తుపాకీ పట్టడం శిక్షణలో నేర్పారు గానీ బేరం పుట్టుకతో వచ్చింది. ఖాకీ వేసుకున్నా నన్ను ‘ఎస్సై’ అన్నవాళ్ల కంటే ‘శెట్టి’ అన్నవాళ్లే ఎక్కువ. ముఠాల ఊళ్లలో అదీ ఒక రక్షణే. శెట్టి మీద ఎవడూ బాంబు వృథా చేసుకోడు.

నాటుసారాకు మూలం నల్లబెల్లం. బెల్లాన్ని నీళ్లలో పులియబెడితే ఊట, ఊటను కాస్తే సారా. తోటి ఎస్సైలు గుట్టలెక్కి ఊట కుండలు పగలగొడుతుంటే, నేను మా నాయన పేరు చెప్పుకుని ప్రొద్దుటూరులో, దువ్వూరులో బెల్లం వ్యాపారుల పక్కన కూర్చున్నాను. మూటలకు మూటలు కొనేవాళ్లకు నల్లబెల్లం అమ్మకుండా వాళ్లను ఒప్పించాను. వేసవికల్లా నా పరిధిలో చాలా పొయ్యిలు ఆరిపోయాయి. పై ఆఫీసు మెచ్చుకుంది. ఒక అంగడి మూస్తే గిరాకీ ఇంటికి పోడనీ, పక్క అంగడికి పోతాడనీ మా వీధిలో పాలు తాగే బిడ్డకు కూడా తెలుసు. మెప్పు తలకెక్కినవాడికి అది తట్టలేదు. ఈసారి పక్క అంగడి ఏదంటే, కొయ్య సామాన్లకు పాలిష్ పట్టే స్పిరిట్.

అదే రోజుల్లో పైనుంచి ఒక ఉత్తరువు వచ్చింది. తాగి ఆసుపత్రికి వచ్చిన ప్రతి మనిషి మీదా కేసు కట్టాలి. అందుకని సర్కారు ఆసుపత్రి గేటు దగ్గర మా కానిస్టేబుల్ ఒకడు కుర్చీ వేసుకుని కూర్చునేవాడు.

ఒక ఉదయం నాగమ్మ అనే ఆమె స్టేషన్‌కు వచ్చింది. గొర్రెలు మేపుకునే ఇంటి మనిషి. గడప అవతల నిలబడే మొదలుపెట్టింది.

“ఆస్పత్రి కాడ మీ పోలీసోన్ని లేపు సార్. నా మొగున్ని తీస్కపోవల్ల.”

ఏమైందని అడిగాను.

“నిన్నట్నుంచి కండ్ల ముందర మంచు కమ్మినట్టుండాదంటాండాడు. కడుపులో నొప్పి, వాంతులు.”

“నిన్నట్నుంచి ఏం చేస్తాండావమ్మా మరి?”

“ఏం జేయల్ల? కేసు రాస్తే జైల్లో ఏస్తారు. వాన్ని ఇడిపించుకునేదానికి గొర్లు అమ్మల్ల. గొర్లు పోయినంక వాడొచ్చి ఏం మేపుతాడు, నాయనా? ఇంట్లోనే తగ్గుతాదిలే అనుకుంటిమి. తగ్గల్యా.”

ఏ ఊరు, ఎవరితో కలిసి తాగాడు అని అడిగాను. చేతులు కట్టుకుంది. “ముందర వాన్ని లేపు. మల్ల చెప్తా.”

నా సర్వీసులో అంత గట్టి బేరం ఇంకొకరు చేయలేదు. కానిస్టేబుల్‌ను గేటు దగ్గరి నుంచి పిలిపించాను. అతను వచ్చి నా ముందు నిలబడ్డాకే ఆమె ఊరి పేరు చెప్పింది. ఎవరితో కలిసి తాగాడో ఆమెకూ తెలియదు. జీపు పంపి ఆమె మొగుడు ఓబులేసును ఆసుపత్రిలో చేర్పించాను.

డాక్టరు కోస్తా నుంచి వచ్చినవాడు. ఓబులేసు కంట్లో టార్చి వేసి చూశాడు, ఊపిరి చూశాడు, నన్ను వరండాలోకి తీసుకెళ్లాడు. తాగినది పాలిష్ స్పిరిట్‌లో ఉండే మిథైల్ ఆల్కహాల్ అని, అది ఒంట్లో విషంగా మారకుండా ఆపాలంటే మంచి మద్యాన్ని కొలత ప్రకారం గొట్టంలో ఎక్కించాలని చెప్పాడు. కడపకు పంపేలోగానే అది మొదలుకావాలట. లేకపోతే చూపుతో ఆగదు, మనిషే పోతాడు.

“మీ స్టేషన్ నిండా బాటిళ్లే కదండీ, ఒకటి ఇప్పించండి” అన్నాడు.

పట్టుకున్న సరుకుకు పంచనామా రాసి, లక్కముద్ర వేసి, గదిలో పెట్టి తాళం వేస్తాం. అక్కడి నుంచి అది కోర్టు సొత్తు. ముద్ర పగలగొడితే సస్పెన్షన్. ఆ భయం నాకు లేదని చెప్పను. కానీ నన్ను ఆపింది ఒట్టి భయం కాదు. ఆ సీసాల లేబుళ్లు చూసినప్పుడే, అంగడివాడి కొడుకుగా, అవి దొంగ లేబుళ్లని నాకు తెలిసిపోయింది. లోపల ఉన్నది రంగు కలిపిన స్పిరిట్టేనేమో. ల్యాబ్ నుంచి నివేదికలు ఇంకా రాలేదు. ఓబులేసు తాగినదాన్నే మళ్లీ అతనికి పోయడం ఎంత మాత్రం వైద్యం కాదు.

నికరమైన మద్యం ఒక్కచోటే దొరుకుతుంది. ఆరోగ్య కారణాల మీద, డాక్టరు సర్టిఫికెట్‌తో, కొద్దిమందికి సర్కారు పర్మిట్లు ఇచ్చేది. మా ప్రాంతంలో ఆ పర్మిట్ ఉన్నది ఒక పార్టీ నాయకుడికి. అందరూ పెద్దాయన అనేవాళ్లు. ఓబులేసు ఊరంతా ఆయన ఎదుటి పార్టీది. ఆ రెండు వర్గాల మధ్య అప్పటికే ఇరువైపులా ప్రాణాలు పోయి ఉన్నాయి.

పెద్దాయన వరండాలో మనుషుల మధ్య కూర్చుని ఉన్నాడు. సంగతి విని పడీపడీ నవ్వాడు.

“ఏం శెట్టీ, సీసాలు పట్టుకునేటోనివి సీసా అడుక్కునేదానికొచ్చినావా?”

“అవునన్నా. ఒక మనిషి పానం కోసం.”

“ఆ ఊర్లో నాకు ఓటేసిన మనిషి ఒగడు లేడు గదప్పా. యా మనిషి పానం?” అని చుట్టూ చూశాడు. అందరూ నవ్వాక గొంతు తగ్గించాడు. “ఆ స్పిరిట్ పోసినోడు ఎవుడో నాకు తెలుసు. వాళ్ల నాయకుని బామ్మర్ది. ఆ పేరు కేసులో రాయి. ఒగటి కాదు, రెండు తీస్కపో.”

నిషేధ చట్టం మా ప్రాంతంలో అలా వాడుకలోకి వచ్చింది. కత్తితో తీర్చుకోలేని పగను కేసుతో తీర్చుకోవచ్చు. ఆ పేరు రాస్తే నేను ఆయన మనిషినవుతాను. రాయకపోతే ఓబులేసు పోతాడు.

“నేను రాస్తే కోర్టులో నిలబడదన్నా” అన్నాను. “తాగినోడు బతికి, వాని నోటితో వాడే చెప్తే నిలబడుతుంది. సచ్చిపోతే నీకు సాక్షి యాడ దొరుకుతాడు?”

“బతికినంక వాడు చెప్పకపోతే?”

“నేను గుడ్డలాగా పరిచి చూపించే సరుకు కాదు గదన్నా ఇది. నమ్మి తీసుకోవల్ల.”

పెద్దాయన లోపలికి కేకేసి రెండు సీసాలు తెప్పించాడు. వాటితో పాటు సొంత కారు, డ్రైవరును కూడా ఇచ్చి పంపాడు. ఓబులేసు బతకడం ఇప్పుడు ఆయనకూ లాభమే. మనిషి మీద దయ పుట్టించడం నాకు చేతకాదు. లాభం పుట్టించడం వచ్చు.

డాక్టరు వెంటనే మొదలుపెట్టాడు. కొంత నిలదొక్కుకున్నాక ఓబులేసును కడపకు పంపాం. ప్రాణం దక్కింది, చూపు రాలేదు. ఒక రోజు ముందు తెచ్చి ఉంటే చూపు కూడా దక్కేదేమోనని డాక్టరు అన్నాడు. నాగమ్మ వినేలా అనలేదు.

అతనితో కలిసి తాగినవాళ్లు ఇద్దరని తర్వాత తేలింది. గేటు దగ్గర కుర్చీ ఖాళీ అయిందని వాళ్ల ఇళ్లకు తెలియదు. ఇద్దరూ ఇంట్లోనే పోయారు. ఒకడికి గుండెపోటనీ, ఇంకొకడికి కామెర్లనీ చెప్పి పూడ్చేశారు. అందువల్ల ఆ నెల నేను పంపిన నివేదికలో కల్తీ మద్యం మరణాల గడిలో ‘లేవు’ అని ఉంది.

ఓబులేసును కడప నుంచి తిరిగి జమ్మలమడుగు వార్డుకు తెచ్చాక పెద్దాయన మనుషులు రోజూ పండ్లు తెచ్చేవాళ్లు. అది చూసి అతని ఊరి నాయకుడి మనుషులు కూడా రావడం మొదలుపెట్టారు. వాళ్లు పండ్లు తేలేదు. మంచం పక్కన ఊరికే నిలబడి పోయేవాళ్లు.

వాంగ్మూలం రాసుకోవడానికి నేనే వెళ్లాను. ఎవరు పోశారని అడిగాను. అతను నా గొంతు వైపు ముఖం తిప్పాడు.

“పోసినోని పేరు చెప్తా సార్. చెప్పినంక నా మీదికి ఎవుడొస్తాండాడో నాకు కనపడదు గదా. ఎట్ల బతకల్ల?”

నాగమ్మ మంచం చివర కూర్చుని నా పెన్ను వైపే చూస్తోంది. ‘గుర్తు తెలియని వ్యక్తి’ అని రాసి, చదివి వినిపించి, వేలిముద్ర తీసుకున్నాను.

పెద్దాయన పెద్దగా కోప్పడలేదు. “మీ నాయన అంగట్లో చినిగిన పంచె వాపసు తీసుకుంటుండె. నీ అంగట్లో ఆ బేరం ల్యా” అని కబురు చేశాడు. కొన్ని వారాలకు నన్ను పులివెందులకు బదిలీ చేశారు.

అక్కడ ఆసుపత్రి గేటు దగ్గర మనిషిని పెట్టలేదు. తాగి వచ్చినవాళ్ల పేర్లు నాకు అక్కర్లేదని, ఎలాంటి సరుకు తాగి వస్తున్నారో ఒక్కటే చెబితే చాలని డాక్టర్లతో మాట చేసుకున్నాను. సింహాద్రిపురం లాంటి దూరపు ఊళ్ల నుంచి కూడా జనం పూటలోపే వచ్చేవాళ్లు. నేను కట్టిన కేసులు తగ్గాయి. పనిలో అలసత్వమంటూ మెమో వచ్చింది, సమాధానం రాశాను. తర్వాత నిషేధమే ఎత్తేశారు. మెమో మాత్రం నా సర్వీసు రికార్డులో ఉండిపోయింది.

నేను నేర్చుకున్నది ఇంతే. సరుకు దారి మూయించేటప్పుడు, అది లేక మనిషి దేని మీదికి పోతాడో ముందే చూసుకోవాలి. అలా దాని మీదికి పోయినవాడు ఆసుపత్రికి రావడానికి భయపడకూడదు. ఈ రెండూ చూడని చట్టం వల్ల పొయ్యిలు ఆరుతాయి, కేసులు పెరుగుతాయి, పై ఆఫీసులో మెప్పు వస్తుంది. ఎందరు ఇళ్లలోనే పోయారో తెలుసుకునే మార్గం మాత్రం ఉండదు.