ఒంటి చేత్తో బర్గర్

ఆ రోజుల్లో అంటూ మొదలుపెట్టేంత వయసు నాకింకా రాలేదు. జుట్టు నల్లగానే ఉంది, మెట్రో స్టేషన్ మెట్లు ఎక్కితే మోకాళ్లు ఇంకా ఏమీ అనడం లేదు. అయినా అమీర్‌పేట హాస్టల్లో ఉన్న కాలాన్ని తలుచుకుంటే, అక్కడ ఉన్నది నేను కాదనీ, నా చొక్కాలు వేసుకుని తిరిగిన మరో అబ్బాయి అనీ అనిపిస్తుంది. లోకంలో దేన్నైనా పాయింట్లుగా విడగొడితే లొంగి తీరుతుందని ఆ అబ్బాయికి గట్టి నమ్మకం. స్నానానికి బయల్దేరే ముందు బకెట్, మగ్గు, సబ్బు, తువ్వాలు అని వేళ్లు ముడుస్తూ లెక్కపెట్టుకునేవాడు (అయినా తువ్వాలు మరిచిపోయి తలుపు సందులోంచి కేకలు పెట్టేవాడు). ఎవరైనా బాగున్నావా అని అడిగితే, ఆరోగ్యం సంగతా, ఉద్యోగం సంగతా అని ఎదురు ప్రశ్న వేసేవాడు. హాస్టల్లో అతని అసలు పేరు ఎవరికీ గుర్తుండేది కాదు. అందరికీ ‘పాయింట్లు’. ఆ పేరుతో పిలిస్తే సిగ్గు లేకుండా పలికేవాడు కూడా.

ఇంజనీరింగ్ అయ్యాక నేను సిరిసిల్ల నుంచి అమీర్‌పేటకు వచ్చింది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకోవడానికి. ఒకరు తయారుచేసిన ప్రోగ్రాములో ఇంకొకరు తప్పులు వెతికి పట్టుకునే పని అది. ఈ సంగతి చెప్పినప్పుడు, బట్టలు కుట్టే మా నాన్న మిషన్ ఆపి, “తప్పులు పడితే జీతమిస్తరా? మీ నానమ్మ ఇన్నేండ్ల సంది ఊకెనే పడుతుంది గదరా!” అన్నాడు. నవ్వు అయిపోయాక మాత్రం గొంతు మార్చి, “దసరా దాక చూస్త. నౌకరి దొరకకుంటే వచ్చి ఈ మిషన్ మీద కూసో” అన్నాడు. ఆ మిషన్ అంటే నాకు చిన్నచూపేమీ లేదు. నా భయమంతా మా ఊరి జనం గురించే. నేను జీవితంలో కుట్టిన ఒకే ఒక్క ప్యాంటుకు రెండు కాళ్లూ కుడివైపుకే తిరిగి ఉండేవి. కాబట్టి దసరాలోపు నాకు ఉద్యోగం రావడం నాకే కాదు, సిరిసిల్లలో నడిచి తిరిగే ప్రతి మనిషికీ అవసరమే.

మా గదిలో ముగ్గురం. భీమవరం వాణ్ని ‘గోదారి’ అనేవాళ్లం. హాస్టల్ పిల్లిని సైతం మీరు అని పిలిచేంత మర్యాదస్తుడు. కరీంనగర్ వాడు ‘రోలర్’. ముందు ఏది పెట్టినా రోడ్డు రోలర్‌లా నిదానంగా, ఎక్కడా ఆగకుండా, చదును చేసుకుంటూ పోయేవాడు. ఆదివారం సాయంత్రం వచ్చిందంటే మా ముగ్గురికీ పండగే. కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీల కింద నుంచి, కరపత్రాలు పంచేవాళ్ల చేతుల మధ్య నుంచి తప్పించుకుంటూ వెళ్లి, సందు చివర బేకరీ ముందు నిలబడి తలా ఒక బర్గర్ తినేవాళ్లం. అరచేతిలో ఇమిడే బన్ను, లోపల ఆలుగడ్డ టిక్కీ, నాలుగు క్యాబేజీ పోగులు, తియ్యటి ఎర్ర సాస్. బర్గర్ అంటే ఇంతే అనుకునేవాణ్ని. అంతవరకూ పరవాలేదు. దాన్ని తినడంలో నన్ను మించినవాడు లేడని కూడా అనుకునేవాణ్ని. బొటనవేలు కింద, చిటికెన వేలు పక్కన, మిగతా మూడూ పైన పెట్టి ఒక్క కుడిచేత్తోనే పట్టుకుని, ఒక్క పోగు కింద పడకుండా తినే పద్ధతి నాది. దానిమీద మిగతా ఇద్దరికీ ఉపన్యాసాలు ఇచ్చేవాణ్ని. “బర్గర్‌కి కూడా సిలబస్ ఉంటుందని మాకు తెలీదండీ గురువుగారూ” అని గోదారి దణ్ణం పెట్టేవాడు. రోలర్ అప్పటికే తనది ముగించి నా దాని వంక చూస్తూ ఉండేవాడు.

నిజానికి ఆ ఒంటిచేతి పద్ధతి నా తెలివి కాదు, మా నానమ్మ గరిటె మహిమ. మా ఇంట్లో తినడానికి కూర్చుంటే ఎడమ చెయ్యి ఒడిలో ఉండాలి. మంచినీళ్ల గ్లాసుకో, వడ్డించుకునే గరిటెకో తప్ప బయటికి రాకూడదు. పొరపాటున కంచం వైపు కదిలిందా, నానమ్మ చేతిలోని గరిటె కాడ వచ్చి వేళ్ల కణుపుల మీద పడేది. “దాన్నెవడు పిలిచిండ్రా?” అనేది. చిన్నతనమంతా ఆ మాట వినీ వినీ, కుడిచెయ్యి నోటి దగ్గరికి వెళ్లగానే ఎడమది తనంతట తానే ఒళ్లోకి దిగి కూర్చునేది. దాన్ని నేను ఆపాలన్నా ఆగేది కాదు.

ఇలా ఉండగా లీడన్న వచ్చాడు. ఒకప్పుడు మా హాస్టల్లోనే ఉండి, ఇప్పుడు ఒక కంపెనీలో టీమ్ లీడ్ అయినవాడు. రోలర్‌కు దూరపు పరిచయం. ఒక సాయంత్రం మా గదికి వచ్చి, తన పాత మంచాన్ని ప్రేమగా నిమిరి (గోదారి అప్పుడు దాని మీద పడుకుని ఉన్నాడు), అసలు విషయం చెప్పాడు. “నా టీమ్‌ల ఒక్క జాగ ఖాళీ ఉంది. మీ ముగ్గురిల ఎవరి పేరన్న ఒకటి చెప్తా. ఆఫీసుల అడిగితే అందరు బట్టీ పట్టినయే అప్పజెప్తరు. ఆదివారం పగటిపూట పంజాగుట్టకు రాండ్రి. బర్గర్ తినుకుంట మాట్లాడుదాం. ఫికర్ పడకుండ్రి.”

గోదారికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రోలర్ రోజూలాగే గురకపెట్టాడు. నాకు మాత్రం లోపల్లోపల లడ్డూలు దొర్లాయి. ఇంటర్వ్యూ ఏ భాషలో పెడతారో, ఏ సబ్జెక్టులో పెడతారో అని అందరూ వణికే ఊళ్లో, నాకు బర్గర్‌లో పెడుతున్నారు! నా ఒక్కడి సబ్జెక్టులో! ఆ వారమంతా అద్దం ముందు నిలబడి, ఖాళీ చేత్తో బర్గర్ పట్టుకున్నట్టు నటిస్తూ, టెస్టింగ్ సూత్రాలు వల్లె వేశాను.

పంజాగుట్ట రెస్టారెంటు మేడమీద ఉంది. సున్నం వెయ్యని ఇటుక గోడలు, ఎక్కితే కాళ్లు నేలకు అందని కుర్చీలు, కిటికీలోంచి ఫ్లైఓవర్. లీడన్న ఆదివారం కూడా కంపెనీ ఐడీ కార్డు మెడలో వేసుకునే వచ్చాడు. బర్గర్లు వచ్చాయి. చెక్కపీట మీద, నడిబొడ్డున పుల్ల గుచ్చి, రెండంతస్తుల చికెన్, గుడ్డు, కరిగిన చీజ్, ఉల్లిచక్రాలు, బయటికి తొంగిచూస్తున్న ఆకులతో. ఖైరతాబాద్ గణపతిని మొదటిసారి చూసినప్పుడు తల ఎలా వెనక్కి వాలిందో అలా వాలింది. బేకరీ ముందు నేను ఇన్నాళ్లూ తిన్నది దీని పిల్ల కూడా కాదు, దీని ఫొటో.

రోలర్ క్షణం ఆలోచించలేదు. పుల్ల పీకి పక్కన పెట్టి, రెండు చేతులూ చాచి, తప్పిపోయిన తమ్ముణ్ని పట్టుకున్నట్టు దాన్ని పట్టుకున్నాడు. గోదారి వెయిటర్ని పిలిచి, “ఏమండీ, కొంచెం చాకు ఇప్పిస్తారా?” అని అడిగి, పెళ్లి కేకు కోసినంత శ్రద్ధగా కోయడం మొదలుపెట్టాడు. నేను బొటనవేలు కింద పెట్టాను. మూడు వేళ్లు పైకి చాపాను. అవి పై బన్ను అంచు దాకా కూడా వెళ్లలేదు. ఎడమ చేతి వైపు చూశాను. అది ఒళ్లో ఉంది. రమ్మన్నాను. రాలేదు. నిజంగానే రాలేదు. కొద్దిగా కదలబోయేసరికి కణుపుల మీద ఎక్కడో గరిటె తగిలినట్టయి, మళ్లీ బుద్ధిగా కూర్చుంది.

సరిగ్గా అప్పుడే లీడన్న అడిగాడు. “పాయింట్లూ, గీ బర్గర్‌ని ఎట్ల టెస్ట్ చేస్తవ్?”

అమీర్‌పేటలో టెస్టింగ్ నేర్చుకున్న ప్రతివాడికీ, పెన్నును ఎలా టెస్ట్ చేస్తావన్న ప్రశ్నకు జవాబు నిద్రలో లేపినా వచ్చి తీరుతుంది. పెన్ను తీసి బర్గర్ పెడితే చాలు. తినే బాధ తప్పిందన్న సంతోషంలో రెచ్చిపోయాను. “మొదటిది అన్నా, చూపుల పరీక్ష. బన్ను గుండ్రంగ ఉన్నదా, నువ్వులు సమానంగ పడ్డయా. రెండోది, కొలతల పరీక్ష. మనిషి నోరు ఎంత తెరుచుకుంటది, ఇది ఎంత ఎత్తున్నది. మూడోది, వేడి తగ్గినంక ఎట్లుంటది. నాలుగోది...” లీడన్న నములుతూ తలూపుతున్నాడు. గోదారి కోయడం ఆపి ఆరాధనగా చూస్తున్నాడు. రోలర్ మాత్రం తింటున్నాడు. ఒకచోట వాడు కనుబొమ్మలు ముడిచి, బర్గర్‌ని తిప్పి అడుగు చూసుకుని, మళ్లీ తిన్నాడు. పాపం, వీడికి ఉద్యోగం మీద ధ్యాసే లేదు అనుకున్నాను.

“ఆఖరిది అన్నా, ఒత్తిడి పరీక్ష. మోయగలిగిన దానికంటె ఎక్కువ బరువు పెడితే ఏమైతదో చూడాలె,” అంటూ ఉదాహరణ కోసం కుడి అరచేత్తో పై బన్నును నొక్కాను.

కొంచెమే నొక్కాననుకున్నాను. పై బన్ను దిగింది. మధ్యలోవన్నీ ఎదురుగా లీడన్న ఉన్నవైపుకు బయల్దేరాయి. చికెన్ ముక్క నెమ్మదిగా, చాలా నెమ్మదిగా, బస్సు దిగే పెద్దమనిషిలా పీట అంచు దాటింది. ఎడమ చెయ్యి చాపి ఉంటే పట్టుకోగలిగేవాణ్నే. అది ఒళ్లో కూర్చుని చోద్యం చూసింది. ముక్క లీడన్న ఒళ్లో పడింది. దానికంటే ముందే ఎగిరిన సాస్ ఐడీ కార్డు మీద, ఫొటోలో నవ్వుతున్న మొహం మీద పడి, దానికి నిండైన గడ్డం మొలిపించింది.

లీడన్న గడ్డాన్ని తుడుచుకుని (ఫొటోలోది) నా ఒళ్లోకి తొంగిచూసి, “నీ ఎడమ చేతికి దెబ్బ గిట్ల తాకిందా తమ్మీ? అప్పటిసంది సూస్తున్న, లేపుతనే లేవు” అన్నాడు. నేను నోరు తెరిచేలోపే, నన్ను కాపాడదామని గోదారి, “అవునండీ, బస్సు దిగుతూ పడ్డాడండీ, మెలిపడిందండీ” అనేశాడు. ఇక చేసేదేముంది? మెలిపడిన మొహం పెట్టాను. లీడన్న జాలిపడి నా బర్గర్‌ను, అందులో మిగిలిన దాన్ని, తన చేత్తో ముక్కలు చేసి నా ముందు పెట్టాడు. ఉద్యోగం అడగడానికి వెళ్లి గోరుముద్దలు తిన్నవాణ్ని నేనొక్కణ్నే అయి ఉంటాను.

తరవాత లీడన్న రోలర్ వైపు తిరిగాడు. “నువ్వేమంటవ్‌రా? ఎట్ల టెస్ట్ చేస్తవ్?”

రోలర్ ఆఖరి ముక్క మింగి, వేళ్లు నాకి, “చేసిన గదన్నా” అన్నాడు. “మస్తుగుంది. గని అడుగు బన్ను నానుతుంది. సగం తినంగనే మెత్తవడి చేతులకెళ్లి జారుతుంది. సాస్ కిందికెళ్లి తీసి పైన రాయాలె. ఇగ గా పుల్ల ఉంది సూడు, ఆకు కింద మొన కనవడ్తలేదు. చిన్నపిల్లలు గిట్ల కొరికితే కష్టం.”

లీడన్న వాడివైపు చాలాసేపు చూశాడు. ఆ చూపు చూడగానే నాకు సిరిసిల్ల మిషన్ చప్పుడు వినిపించింది. “పాయింట్లూ,” అన్నాడు నాతో, కోపం లేకుండానే, “అన్ని చెప్పినవ్. ఒక్క తినుడు మాత్రం నీ లిస్టుల లేదు.”

ఉద్యోగం రోలర్‌కు వచ్చింది. ఆ రోజు పంజాగుట్ట నుంచి అమీర్‌పేట దాకా ముగ్గురం నడిచే వచ్చాం. గోదారి నన్ను ఓదార్చడానికి, “మీ ఒత్తిడి పరీక్ష మాత్రం సక్సెస్ అండీ, బర్గర్ ఫెయిలైంది” అన్నాడు. రోలర్ నా భుజం మీద చెయ్యి వేశాడు. దానికింకా ఉల్లి వాసన ఉంది. బేకరీ దగ్గరికి రాగానే ఆగి, “ఆకలైతలేదా? నువ్వు సరిగ తినలే గద” అని ఒక చిన్న బర్గర్ తెచ్చి నా కుడిచేతిలో పెట్టాడు. అది మాత్రం ఒక్క పోగు కింద పడకుండా తిన్నాను.

దసరాకు కాస్త ముందు లీడన్న టీమ్‌లో ఇంకో జాగా ఖాళీ అయింది. రోలర్ నా పేరు చెప్పాడు. మొదటి రోజు ఆఫీసుకు వెళ్తే, లీడన్న అందరి ముందూ అడిగిన మొట్టమొదటి మాట, “చెయ్యి నయమైందా తమ్మీ?” నయమైందన్నా అని ఎడమ చెయ్యి పైకెత్తి, వేళ్లు ఆడించి చూపించాను. టీమంతా చప్పట్లు కొట్టారు. ఇప్పటికీ వానాకాలం వస్తే, పాత దెబ్బ సలుపుతోందేమోనని ఎవరో ఒకరు దాని యోగక్షేమాలు అడుగుతూనే ఉంటారు.

ఈమధ్య నానమ్మ కంటి పరీక్ష కోసం వచ్చింది. ఆసుపత్రి పంజాగుట్టలోనే. బయటికొచ్చేసరికి మధ్యాహ్నమైంది, ఎండ మండిపోతోంది, ఎదురుగా అదే మేడ. “ఆకలైతుంది, ఏదన్న తినవెట్టు” అంది. తీసుకెళ్లాను. ఆమెకు ఎత్తు కుర్చీ వద్దని గోడవారగా సోఫాలో కూర్చోబెట్టాను. బర్గర్లు వచ్చాయి. నా చెయ్యి పాత అలవాటు ప్రకారం ఒళ్లోకి దిగింది. నానమ్మ నల్ల కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, ఆ ఎత్తును ఒకసారి పరకాయించి, పుల్ల పీకేసి, రెండు చేతులతో గట్టిగా పట్టుకుని కొరికింది.

నేను నోరు తెరిచి అలాగే చూస్తున్నాను. “నానమ్మా! ఎడమ చెయ్యి!”

“ఏమైందిరా దానికి?” అంది నములుతూ.

“తినేటప్పుడు పెట్టద్దంటివి గద! గరిటెతోని కొట్టేదానివి గద!”

నానమ్మ నా వైపు జాలిగా చూసింది. చిన్నప్పుడు నేను కుట్టిన ప్యాంటు వైపు కూడా ఇలాగే చూసింది. “గది అన్నానికి చెప్పిన్రా, పిచ్చోడా! అన్నం ఒక్క చేతితోని తింటం. గిది రొట్టె. రెండు చేతులు వట్టకుంటే ఎట్లాగుతది? గింత సదువుకున్నవ్, ఒక్కసారన్న అడిగినవా?”

అడగలేదు. సందేహం ఉంటే ముందు అడిగి తేల్చుకోవాలని మా పనిలో మొదటి రోజే చెబుతారు. కొత్తగా చేరిన పిల్లలకు ఆ మాట ఇప్పుడు నేనే చెబుతున్నాను. ఒళ్లోంచి ఎడమ చేతిని బయటికి తీశాను. మొదట వేళ్లకు ఏం చెయ్యాలో తెలియలేదు, తరవాత కుడిచేతిని చూసి నేర్చుకున్నాయి. బర్గర్ నిలబడింది. సగం తిన్నాక అడుగు బన్ను నాని, సాస్ ఎడమ మణికట్టు మీదుగా మోచేతి దాకా కారింది (రోలర్ చెప్పిన లోపాన్ని ఇన్నేళ్లయినా ఎవరూ సరిచెయ్యలేదు).

కాగితం కోసం వెతుకుతుంటే నానమ్మ నా ఎడమ చేతిని లాక్కుని, కొంగుతో మోచేతి నుంచి వేళ్ల దాకా తుడిచింది. కణుపుల దగ్గర కొంచెం ఎక్కువసేపు తుడిచినట్టనిపించింది. కిటికీ పక్కన, ఆ రోజు మేం కూర్చున్న బల్ల ఖాళీగా ఉంది. అక్కడొక అబ్బాయి నా పాత చొక్కా వేసుకుని, ఒళ్లో చెయ్యి దాచుకుని, బర్గర్‌ను ఆకలితో చూస్తూ, దాని గురించి పాయింట్లు చెబుతున్నట్టు కనిపించాడు. తినరా ముందు, అన్నాను వాడితో.