అన్సెల్మో హేతువాదం

రొసారియోలో కళ్ళద్దాల కొట్టు నడిపే అన్సెల్మో అరవయ్యో ఏట బ్లాగు మొదలుపెట్టాడు. రాజకీయాలు, ఆర్థికం, హేతుబద్ధమైన ఆలోచన: ఈ మూడూ తెలియకే అర్జెంటీనా ఇలా అఘోరిస్తోందని ఆయన గట్టి అభిప్రాయం. చంకలో వేన్నీళ్ళ ఫ్లాస్కు ఇరికించుకుని, మాతే టీ గొట్టం నోట్లోంచి తియ్యకుండానే ఒంటివేలితో కీబోర్డు టకటకలాడిస్తాడు. మంచి వాక్యం పడితే కళ్ళద్దాలు నుదుటిమీదికి తోసి, వంటింట్లో ఉన్న భార్య నెలిదాకి కేకేసి వినిపిస్తాడు. ఆమె తప్ప వేరే పాఠకులు ఇంకా దొరకలేదు మరి. మొన్న ఇరవైతొమ్మిదో తారీఖు పొద్దున్నే కూర్చుని, డబ్బు కలిసొస్తుందని నెలనెలా ఆ రోజు కంచం కింద నోటు పెట్టుకుని న్యోకీ అనే ఆలుగడ్డ ఉండలు తినే మన అర్జెంటీనావాళ్ళ అలవాటుని చీల్చి చెండాడాడు. మధ్యాహ్నం నెలిదా వేడివేడిగా న్యోకీ వడ్డించి, పంతంకొద్దీ ఆయన కంచం కింద, రోజురోజుకీ విలువ పడిపోతున్న మన పెసో నోటొకటి దూర్చింది. అన్సెల్మో దాన్ని లాగి పక్కన పడేశాడు. తర్వాత చొక్కా జేబులోంచి మడతపెట్టిన డాలరు నోటు తీసి, నెమ్మదిగా కంచం కిందికి జరిపాడు.

"ఏమయ్యా మేధావీ, పొద్దున రాసిందంతా ఏమైంది?" అంది నెలిదా.

"దానికి కట్టుబడే ఉన్నాను. మూఢనమ్మకం మూఢనమ్మకమే. కానీ దాన్ని పెసోల్లో పెట్టుకునేంత మూర్ఖుణ్ణా నేను?"